ఆందోళన అల్పమేనా? రెండు కోతులపై ఒక పరిశోధన, దాని విమర్శ

హైదరాబాదు నగరమునకు తూర్పున, మూసీనది ఒడ్డున నాగోలు ఉన్నది. ఒకప్పుడు ఇది పొలముల నడుమ నున్న పల్లె. నేడు మహానగరములో ఒక భాగము. 2017 నవంబరులో ప్రారంభమైన మొదటి మెట్రోరైలు మార్గమునకు ఒక కొన మియాపూరు, రెండవ కొన నాగోలు. నాగోలు వంతెన క్రిందుగా పారు మూసీ తూర్పునకు సాగి, నల్లగొండ జిల్లాలో వాడపల్లివద్ద కృష్ణలో కలియును. కావున నాగోలు కృష్ణానది పరీవాహక ప్రాంతములోనిది. గోదావరి ఇచ్చటికి ఉత్తరముగా బహుదూరమున నున్నది.

కోతులను గూర్చిన వ్యాసమునకు నదుల ప్రసక్తి ఏల యని పాఠకులకు సందేహము కలుగవచ్చును. కారణమున్నది. దక్షిణ భారతమున కోతుల నివాసములను వేరుచేయు ఎల్లలుగా పశ్చిమమున తపతీనదిని, తూర్పున గోదావరిని జంతుశాస్త్ర గ్రంథములు చిరకాలముగా పేర్కొనుచు వచ్చినవి. ఈ నదులకు ఉత్తరమున నుండునది ఒక జాతి. దక్షిణమున నుండునది మరియొక జాతి. ఈ లెక్క ప్రకారము నాగోలులో ప్రహరీగోడపై కూర్చుండు కోతి దక్షిణపు జాతికి చెందవలెను. కాని నేడు హైదరాబాదు పరిసరములలో ఉత్తరపు జాతి కోతులు తిరుగుచున్నవి. ఎల్ల మారినదన్నమాట. ఎల్ల మారినచో దక్షిణపు కోతి ఏమైనది?

ఈ ప్రశ్నను సూటిగా వేసిన పరిశోధన వ్యాసమొకటి 2011వ సంవత్సరమున ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ప్రైమటాలజీ అను పత్రికలో వెలువడినది. రచయితలు రిషి కుమార్, సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా. శీర్షికయే ఒక ప్రశ్నతో మొదలగును: "ఆందోళన అల్పమేనా?" అని. రీసస్ కోతుల వ్యాప్తి దక్షిణపు కోతి చిరకాల మనుగడకు ముప్పు తెచ్చుచున్నదని ఆ శీర్షికలోని రెండవ భాగము చెప్పును. ఆ వ్యాసములోని బలమేమి, లోపమేమి, దాని తరువాత జరిగినదేమి అను విషయములు ఉపాధ్యాయులు, విద్యార్థులు తెలిసికొనదగినవి. ఏలయన, ఆ ఎల్ల వారి పాఠశాల గోడమీదుగానే సాగుచుండవచ్చును.

పేరు లేని భేదము

తెలుగు భాషకు కోతుల విషయమున ఒక విచిత్ర స్థితి కలదు. నల్లని ముఖము, బూడిదవన్నె దేహము, అతి దీర్ఘమైన తోక గలదానిని కొండముచ్చు అందురు. తెలంగాణమున కొండెంగ అని వాడుక. తక్కినదంతయు కోతియే. కొండముచ్చును కోతినుండి వేరుచేయనివాడు పల్లెలలో లేడు. కోతులను బెదరించుటకు కొండముచ్చును తెచ్చి కట్టుట, దాని బొమ్మను గోడపై వ్రాలగట్టుట నేటికిని కనబడుచున్నది. కాని 'కోతి' అను ఒక్క మాట క్రింద రెండు వేర్వేరు జాతులు దాగియున్నవి. వాటికి వేర్వేరు పేర్లు వాడుకలో లేవు. పేరు లేనిచోట చూపు కూడ నిలువదు. రెండింటిలో ఒకటి తగ్గిపోయినను, రెండవది కనబడుచున్నంతకాలము "కోతులు ఉన్నవి కదా" అనియే జనులు తలచెదరు. ఈ వ్యాసమున చెప్పబోవు కష్టమునకు మూలమిదియే.

సౌలభ్యమునకై దక్షిణపు జాతిని కుళ్లాయికోతి అనియు, ఉత్తరపు జాతిని రీసస్ కోతి అనియు ఇందు వ్యవహరింతము.

రెండు జాతుల పోలిక

ఈ రెండును మకాకా అను ఒకే ప్రజాతికి చెందినవి. రెండింటికిని బుగ్గలలో సంచులుండును. దొరికిన తిండిని గబగబ అందులో నింపుకొని, భద్రమైన చోటికి పోయి నెమ్మదిగా నమలుట రెండింటికిని అలవాటు. రెండింటికిని కణములలో 42 క్రోమోజోములు ఉండును. గర్భధారణ కాలము రెండింటికిని సుమారు అయిదున్నర నెలలు. రెండును ఆడ, మగ, పిల్లలు కలిసిన గుంపులుగా జీవించును. ఆడవి సామాన్యముగా పుట్టిన గుంపులోనే ఉండిపోవును. రెండును పండ్లు, చిగుళ్లు, గింజలు, పురుగులు మొదలు మానవుడు పారవైచిన మెతుకుల వరకు అన్నియు తినగలవు.

ఇక భేదములు. కుళ్లాయికోతి శాస్త్రనామము మకాకా రేడియేటా. దీనికి 1812లో జెఫ్రాయి అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నామకరణము చేసెను. 'రేడియేటా' అనగా కిరణములవలె నలుదెసల వ్యాపించినది అని అర్థము. దీని నడినెత్తిన ఒక సుడి ఉండును. ఆ సుడినుండి పొడుగు వెంట్రుకలు నలువైపుల వ్రాలి, తలపై చిన్న కుళ్లాయి పెట్టినట్లు కనబడును. తోక మిక్కిలి పొడవైనది. తల, మొండెము కలిసిన పొడవుతో సమానముగానో అంతకు మించియో ఉండును. వెనుకభాగపు వెంట్రుకలలో ఎరుపు ఉండదు.

రీసస్ కోతి శాస్త్రనామము మకాకా ములాటా. 1780లో జిమ్మర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించెను. దీని నెత్తిన సుడి లేదు. వెంట్రుకలు నున్నగా వెనుకకు దువ్వినట్లుండును. తోక పొట్టిది, సుమారు 20 నుండి 25 సెంటీమీటర్లు, అనగా దేహపు పొడవులో సగమునకు మించదు. నడుము క్రిందిభాగమున వెంట్రుకలు నారింజవన్నె కలిగియుండును. ఎదిగినవాని ముఖము, పిరుదులు ఎర్రబారును.

కావున గుర్తుపట్టుట కష్టము కాదు. గోడపై కూర్చున్న కోతి తోక గోడవెంట చాలదూరము వ్రేలాడుచున్నచో కుళ్లాయికోతి. తోక పొట్టిగా నుండి వెనుకభాగము నారింజవన్నెగా నున్నచో రీసస్. అనుమానము కలిగినచో నెత్తిన సుడిని చూడవలెను.

స్వభావమున కూడ భేదమున్నది. రీసస్ గుంపులో అంతస్తులు కఠినమైనవి. పైదానికి క్రిందిది లొంగియుండవలెను. తగవు వచ్చినచో తీవ్రమైన దండన, ఆపై సమాధానము అరుదు. కుళ్లాయికోతి గుంపులోను అంతస్తులు కలవు గాని, వాటి పట్టు సడలినది. మగకోతులు ఒండొంటి వెంట్రుకలు దువ్వుకొనుట, కౌగిలించుకొనుట, కలిసి కూర్చుండుట ఇందు సాధారణము. ఒకే తిండికై రెండు జాతుల గుంపులు తలపడినపుడు ఈ భేదము ప్రధానమగును.

అన్నిటికంటె ముఖ్యమైన భేదము వ్యాప్తిలో ఉన్నది. రీసస్ కోతి అఫ్గానిస్థానము మొదలు చైనా వరకు వ్యాపించినది. మానవుని విడిచినచో ప్రైమేటులలో ఇంతటి విశాలమైన నివాసక్షేత్రము గల జాతి మరియొకటి లేదు. కుళ్లాయికోతి భారతదేశపు దక్షిణ ద్వీపకల్పములో తప్ప ప్రపంచమున మరెచ్చటను సహజముగా లేదు. దానికి మూడువైపుల సముద్రము, నాలుగవవైపు రీసస్. వెనుకకు జరుగుటకు దానికి చోటు లేదు.

పరిశోధన వ్యాసములోని బలము

ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘము 1964 నుండి ఎర్ర జాబితాను నిర్వహించుచున్నది. అందు జాతులను అపాయ తీవ్రతనుబట్టి వర్గములుగా విభజింతురు. అన్నిటికంటె క్రింది మెట్టు 'అల్పాందోళన' వర్గము. 2008లో రీసస్ కోతియు, కుళ్లాయికోతియు ఈ వర్గమునందే ఉండెను. కాగితముపై రెండును సమానమే.

2011 నాటి వ్యాసము ఈ సమానతను ప్రశ్నించినది. పూర్వులు చెప్పిన ఎల్లను నేటి స్థితితో పోల్చి, పూర్వము కుళ్లాయికోతులు నివసించిన ప్రదేశములలో రీసస్ కోతులు నెలకొనుచున్నవని చూపినది. ఇట్టి పోలికకు ఆధారము లేకపోలేదు. 1981లోనే ఫూడెన్, మహాబల్, సాహా అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఈ రెండు జాతుల ఎల్లను పునర్నిర్ణయించుచు ఒక వ్యాసము ప్రకటించియుండిరి. ముప్పది సంవత్సరముల అంతరమున అదే ఎల్లను మరల పరిశీలించుట మెచ్చదగిన పని. వింత జంతువును కనుగొన్నవారికి కీర్తి వచ్చును. ఇంటి వెనుక కోతిని మరల మరల లెక్కించువానిని ఎవరును పట్టించుకొనరు. కాని జాతులు క్షీణించు తీరు ఇట్టి లెక్కలవలననే తెలియును.

ఈ రచయితల రెండవ ఘనత, సులభముగా కనబడు జంతువు సురక్షితము అను నమ్మకమును కదలించుట. ఈ నమ్మకము ఎంత ప్రమాదకరమో రీసస్ చరిత్రయే చెప్పును. 1940లో లాండ్‌స్టైనరు, వీనరు అను శాస్త్రజ్ఞులు ఈ కోతి పేరుమీదనే రక్తములోని ఆర్‌హెచ్ కారకమునకు పేరు పెట్టిరి. తరువాత పోలియో టీకా తయారీకి, పరీక్షకు ఈ కోతులు పెద్ద సంఖ్యలో అవసరమైనవి. 1950 దశకమున మన దేశమునుండి ఏటా లక్షకు మించి రీసస్ కోతులు ఎగుమతి అయినవి. కోతులకు కొరత ఏమని అందరును తలచిరి. సౌత్‌విక్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు, ఆయన భారతీయ సహచరులు 1959-60లో ఉత్తరప్రదేశమున తిరిగి లెక్కించి, వీటి సంఖ్య, ముఖ్యముగా పిల్లకోతుల సంఖ్య, తగ్గిపోవుచున్నదని హెచ్చరించిరి. చివరకు 1978లో భారత ప్రభుత్వము ఎగుమతిని నిషేధించినది. తరువాత రీసస్ తిరిగి కోలుకొన్నది. నేడు అందరిని వేధించుచున్నదని చెప్పబడు ఈ కోతి ఒకనాడు తరిగిపోవుచుండెనని ఎందరికి జ్ఞాపకమున్నది?

రీసస్‌కు కోలుకొనుటకు ఉత్తర భారతమంతయు ఉండెను. కుళ్లాయికోతికి అట్టి అవకాశము లేదు. ఈ సంగతిని ముందుగా గుర్తించుటయే ఈ పరిశోధనలోని ప్రధాన గుణము.

లోపములు

గుణముతోపాటు లోపములను కూడ చెప్పుట విమర్శకు ధర్మము.

మొదటిది. వ్యాప్తి వేరు, సంఖ్య వేరు. ఒక ఊరిలో ఏ జాతి కోతి ఉన్నదో తెలిపినంతమాత్రమున అది ఎన్నియున్నవో, పెరుగుచున్నవో తరుగుచున్నవో తెలియదు. ఎల్ల పదిమైళ్లు జరిగినదని తెలిసినను, ఎల్లకు వందలమైళ్ల దక్షిణమున కుళ్లాయికోతి క్షేమముగా నున్నచో జాతికి వెంటనే ముప్పు లేదనవచ్చును. కావున ఎల్లవద్ద జరుగుదానినిబట్టి మొత్తము జాతి భవిష్యత్తును చెప్పుటకు మరియొక ఆధారము కావలెను.

ఆ ఆధారము వేరొకచోటినుండి వచ్చినది. మైసూరు విశ్వవిద్యాలయమునకు చెందిన మేవా సింగ్, ఆయన సహచరులు మైసూరు పరిసరములలో రహదారుల వెంట కుళ్లాయికోతులను అనేక సంవత్సరములు లెక్కించిరి. 2004లో ఒక వ్యాసము, 2017లో మరియొక వ్యాసము ప్రకటించిరి. ఇరువదియైదు సంవత్సరముల కాలములో సగమునకు మించి తగ్గినవని వారి లెక్క. ఇది గమనింపదగిన విషయము: మైసూరు పరిసరములు ఆ ఎల్లకు దూరమైనవి, రీసస్ వచ్చి తరిమినది కాదు. రహదారులను వెడల్పు చేయుటకు మర్రి, రావి, జువ్వి వంటి చెట్లను కొట్టివేయుట, జనులు పట్టి వేరొకచోట విడిచివచ్చుట కారణములు. అనగా రీసస్ లేనిచోట కూడ కుళ్లాయికోతి క్షీణించుచున్నది.

ఇందుండియే రెండవ లోపము తేలును. వ్యాసపు శీర్షికలో ముప్పు తెచ్చునది రీసస్ కోతి. వాక్యమునకు కర్త కోతియే. శీర్షికమాత్రము చదివినవాడు దొంగ దొరికినాడని తృప్తిపడి పుట మూయును. కాని ఒక జాతి మరియొక జాతి స్థానమున కనబడుటకు రెండు మార్గములున్నవి. బలమైనది బలహీనమైనదానిని తరిమివేయుట ఒకటి. మొదటిది వేరు కారణమున ఖాళీచేసిన చోటును రెండవది ఆక్రమించుట రెండవది. చివరకు కనబడు చిత్రము రెండింటను ఒకటే. కాని చికిత్స వేరు. మొదటిదానిలో రీసస్‌ను ఆపవలెను. రెండవదానిలో చెట్లను నిలుపవలెను. ఈ భేదమును తేల్చుటకు ఒకే గుంపులను ఏండ్లతరబడి వెంబడించి చూడవలెను. ఎల్లను ఒకసారి పరిశీలించుట చాలదు.

మూడవది, పాఠకుడు తానుగా పూరించుకొనవలసిన విషయము. కోతి నదిని దాటుటకు వంతెన కావలెను, లేదా వాహనము కావలెను. వంతెనలు మానవుడు కట్టినవి, వాహనములును మానవునివే. పట్టణమున కోతుల బాధ ఎక్కువైనపుడు వాటిని పట్టించి, బోనులలో ఎక్కించి, దూరపు అడవిలో విడుచుట మన దేశమంతట అలవాటైన పద్ధతి. బోను ఎక్కించువాడు తోక కొలువడు. రీసస్‌ను పట్టి కుళ్లాయికోతుల అడవిలో విడిచినచో, నది చేసిన ఏర్పాటును ఒక్క రాత్రి ప్రయాణము చెరిపివేయును. రెండును ఒకే ప్రజాతివి గనుక కలిసి సంతానమును కనుటయు సాధ్యము. అట్టి మిశ్రమము ఎక్కువైనచో దక్షిణపు జాతి చచ్చిపోకయే తన రూపమును కోల్పోవచ్చును. కావున 'రీసస్ వ్యాప్తి' అను మాటలో చాలభాగము మానవుడు చేసిన రవాణా. ఈ కర్తను శీర్షికలోనే నిలిపియుండిన బాగుండెడిది.

ఈ లోపములవలన వ్యాసము విలువ తగ్గినదని తలపరాదు. మంచి ప్రశ్న వేసిన పరిశోధన సగము పని చేసినట్లే. మిగిలిన సగము ఇతరులు చేసిరి. 2020లో వెలువడిన నిర్ణయములో ఎర్ర జాబితా కుళ్లాయికోతిని అల్పాందోళన వర్గమునుండి తొలగించి 'దుర్బల' వర్గమున చేర్చినది. క్షీణతనుబట్టి ఒక జాతిని ఈ వర్గమున చేర్చవలెనన్నచో, పది సంవత్సరములలోగాని మూడు తరములలోగాని, ఏది ఎక్కువ కాలమైన ఆ కాలములో, కనీసము నూటికి 30 వంతులు తగ్గినట్లు తేలవలెను. రీసస్ మాత్రము అల్పాందోళన వర్గమునందే నిలిచినది. 2011లో ప్రశ్నగా నున్నది తొమ్మిదేండ్లకు సమాధానమైనది.

చట్టము చెప్పునది

వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 నాటిది. 2022లో దీనికి సవరణ జరిగి, 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. సవరణకు పూర్వము రెండు కోతులును రెండవ షెడ్యూలులో ప్రక్కప్రక్కన ఉండెడివి. సవరణ తరువాత కుళ్లాయికోతి మొదటి షెడ్యూలునకు, అనగా అత్యధిక రక్షణగల పట్టికకు ఎక్కినది. రీసస్ కోతి షెడ్యూళ్లన్నింటినుండియు తొలగినది. జంతువులపై క్రూరత్వమును నిషేధించు 1960 నాటి చట్టము మాత్రము దానికిని వర్తించును.

ఇది శాస్త్రము చెప్పినదానికి అనుగుణమైన మార్పే. కాని ఇందు ఒక చిక్కు ఉన్నది. చట్టము రెండు కోతుల నడుమ ఆకాశమునకు భూమికి ఉన్నంత అంతరము పెట్టినది. ఆ చట్టమును పాటింపవలసిన జనులకు ఆ రెండింటికి వేర్వేరు పేర్లయినను లేవు. కోతులను పట్టువానికి, పట్టించు గ్రామపంచాయతీకి, ఫిర్యాదు చేయు గృహస్థునకు అన్నియు కోతులే. ఒక కోతిని పట్టుట చట్టసమ్మతము, ప్రక్కదానిని పట్టుట నేరము అన్నపుడు, మొదట వాటిని గుర్తుపట్టుట నేర్పవలెను.

రైతు కష్టమును కూడ మరువరాదు. తెలంగాణమున కూరగాయలు, మక్కజొన్న, పండ్లతోటలు పెట్టువారు కోతుల బాధను పడలేక ఆ పంటలనే మానుకొను స్థితి అనేక గ్రామములలో ఉన్నది. కుళ్లాయికోతిని మొదటి షెడ్యూలునుండి తగ్గింపుమని కేరళ ప్రభుత్వము కేంద్రమును కోరినది. దీనిని కేవలము కాఠిన్యమని త్రోసిపుచ్చరాదు. సిమ్లా నగరపాలక పరిధిలో 2016లో రీసస్‌ను హానికర జంతువుగా ప్రకటించిరి. అయినను అచ్చట కోతుల సమస్య తీరలేదు. చంపుమని అనుమతి ఇచ్చినను చంపుటకు జనులకు చేతులు రాలేదు. కోతిని హనుమంతుని రూపముగా చూచి అరటిపండు పెట్టు చేయియు, పంటపై పడినపుడు రాయి విసరు చేయియు ఒక్కటే. ఈ రెండు భావముల నడుమ నిలుకడైన మార్గము సంతాన నియంత్రణ, ఆహారపు వ్యర్థములను మూసియుంచుట, అడవిలో పండ్లచెట్లను తిరిగి పెంచుట. తెలంగాణమున నిర్మల్ సమీపమున చించోలివద్ద 2020లో కోతుల రక్షణ, పునరావాస కేంద్రము ఏర్పడినది. ఇట్టి కేంద్రములలో శస్త్రచికిత్స చేయుటకు ముందు జాతిని నమోదు చేయుట అత్యవసరము. అధికముగా పెరుగుచున్న జాతికిని, తగ్గిపోవుచున్న జాతికిని ఒకే మందు పనికిరాదు.

చెట్టు, కంచె, కోతి

నాగోలునుండి కొలదిదూరములో వనస్థలిపురమువద్ద మహావీర హరిణ వనస్థలి ఉన్నది. 1975లో కృష్ణజింకల రక్షణకై దీనిని ఏర్పరచిరి. కృష్ణజింకకు కంచె ఉన్నది, పేరున్నది, చూడవచ్చువారున్నారు. ఎర్ర జాబితాలో 2017 నుండి కృష్ణజింక కూడ అల్పాందోళన వర్గమునందే ఉన్నది. అయినను అది దానికై కేటాయించిన చోటున నిలిచియున్నది. ఎర్ర జాబితాలోని వర్గము ప్రపంచమంతటికి వర్తించు సగటు మాట; రక్షణ మాత్రము ఒక్కొక్క చోట, ఒక్కొక్క కంచెలోపల జరుగు పని. దుర్బల వర్గమునకు చేరిన కోతికి కంచె లేదు. దాని నివాసము రహదారి ప్రక్క మర్రిచెట్టు. హైదరాబాదునుండి చేవెళ్ల మీదుగా పోవు రహదారి వెంట సుమారు 900 మర్రిచెట్లున్నవని, రహదారి విస్తరణకు వాటిని కొట్టరాదని వృక్షప్రేమికులు ఏండ్లుగా పోరాడిరి. ఆ వాదములో నీడ, అందము, చరిత్ర ప్రస్తావనకు వచ్చినవి. మర్రిపండు తిని జీవించు ప్రాణుల సంగతియు అందు చేరవలెను.

పాఠశాలలు చేయదగిన పని

2011 నాటి వ్యాసములో మిగిలిన ఖాళీని పూరించుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడ చేయవచ్చును. ప్రతి నెల ఒక నిర్ణీత దినమున, ఒకే దారిని, ఒకే వేళ నడచి, కనబడిన కోతుల గుంపులను వ్రాసికొనవలెను. తేదీ, స్థలము, గుంపులోని సంఖ్య, చంకనంటిన పిల్లల సంఖ్య, తోక పొడవా పొట్టియా, నెత్తిన సుడి ఉన్నదా లేదా, వెనుకభాగము నారింజవన్నెయా కాదా - ఇవి వ్రాసిన చాలును. కోతులకు తిండి పెట్టరాదు. పిల్లలున్న తల్లికి చేరువ పోరాదు. కన్నులలో కన్ను పెట్టి చూడరాదు, అట్టి చూపును అవి బెదిరింపుగా తలచును. ఒక్క నెల లెక్కకు విలువ లేదు. పది సంవత్సరముల లెక్క అమూల్యము. నాగోలులో ఒక పాఠశాల, భువనగిరిలో ఒక పాఠశాల, నాగార్జునసాగరువద్ద ఒక పాఠశాల ఇట్లు లెక్క వ్రాసినచో, కృష్ణకు గోదావరికి నడుమ ఎల్ల ఎచ్చట నున్నదో, ఎటు జరుగుచున్నదో ఆ పుస్తకములే చెప్పును.

కాకులు, పిచ్చుకలు, కోతులు మనతో కలిసి బ్రతుకు ప్రాణులు. వాటిని లెక్కపెట్టవలెనని మనకు తోచదు. ఆ 2011 వ్యాసపు శీర్షికలోనున్న ప్రశ్నార్థకము ఒక్క జాతికి సంబంధించినది కాదు. "మన కన్నులయెదుట ఉన్నది కదా" అని తృప్తిపడు అలవాటునకు సంబంధించినది. కుళ్లాయికోతి విషయములో ఆ అలవాటు తప్పని తేలుటకు తొమ్మిది సంవత్సరములు పట్టినది. దాని సంఖ్య తగ్గుట అంతకు చాలముందే మొదలైనది. తరువాతి ప్రశ్నకు అంత ఆలస్యము కాకుండవలెనన్నచో, గోడమీది కోతిని తరుముటకు ముందు దాని తోకవైపు ఒక్కసారి చూచుట మేలు.